ఈరయ్య ఇంటి కూత

క్యాతగానచెర్లులో పొద్దు గూకే వేళకు ఆడవాళ్ళు పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టేసి కంచె దగ్గరికి వస్తారు. ఎసరు మరిగేలోపు వినాల్సినవి వినిపోవచ్చని. మగవాళ్ళు టీ గ్లాసులతో వస్తారు, ముసలివాళ్ళు కంబళి భుజాన వేసుకుని వస్తారు, పిల్లల్ని వద్దన్నా వస్తారు. కంచె అవతల చూపు ఆనినంత దూరం సోలార్ ప్యానెళ్ళే. పగలంతా అవి ఎండ తాగుతాయి. ఎండతో పాటు తమ కింద నిలబడి ఎవరేం మాట్లాడినా అదీ తాగుతాయి. ఎండనైతే తీగల్లో బెంగళూరు దాకా పంపించేస్తాయి గానీ, మాటలు ఎవరికి కావాలి? పొద్దు గూకాక, పొద్దున అన్నవి ముందూ మధ్యాహ్నం అన్నవి తర్వాతా, అన్నవాళ్ళ గొంతులతోనే వెనక్కి ఇచ్చేస్తాయి.

ఊరికి ఇది అలవాటైపోయింది. ప్యానెళ్ళు కడగడానికి పోయే ఆడవాళ్ళు అత్తల్ని తిట్టుకోవాలంటే నోరు మూసుకుని చేతులతోనే తిట్టుకుంటారు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు పాపం, సంగతి తెలియక, ప్యానెళ్ళ నీడలో నిలబడి పుట్టింటికి పోయిన పెళ్ళాన్ని ఫోన్లో బతిమాలుకున్నాడు. ఊరంతా విన్నది. మరుసటి రోజు కనబడిన ప్రతివాడూ "వస్తాదిలే సార్, యాడికి పోతాది" అని ధైర్యం చెప్పాడు. ఆమె వచ్చింది కూడా.

ధనంజయకు ఈ సాయంత్రాలంటే ఒకప్పుడు ప్రాణం. అందరికంటే ముందొచ్చి, అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఈ మధ్య మాత్రం ఒకచోట నిలవడం లేదు. కంచె దగ్గరికి వస్తాడు, అంతలోనే ఇంటికి పోతాడు, దొడ్లోకి తొంగి చూస్తాడు, మళ్ళీ వస్తాడు. టీ తెప్పించుకుని తాగడు. కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఏమిటా తిరుగుడు అని అడిగితే, "ఏం ల్యా" అంటాడు.

ఏం లేకేం. దొడ్లో ఒక గొర్రె ఉంది.

ధనంజయ ఇంటివాళ్ళు తాతల నాటి నుంచీ గొర్రెలవాళ్ళు. నాయన కాలంలో మంద అమ్మేశారు, తన కాలంలో భూమి ప్యానెళ్ళ కిందికి పోయింది. ఏడాదికోసారి గుత్త వస్తుంది, పార్కులో గడ్డి కోసే పని ఉంది, తిండికి లోటు లేదు. కానీ చేతులకు పని ఉన్నా మనసుకు లేదు. మళ్ళీ నాలుగు గొర్రెలు పెట్టుకుంటే బాగుండునని ఎప్పుడూ ఒకటే గుల. ఆ గులే వాణ్ణి తినేసింది.

గొర్రెలవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఇంటికీ ఒక కూత ఉంటుంది. మందను పిలిచే కూత. ఒక ఇంటి గొర్రెలు ఆ ఇంటి కూతకే తలెత్తుతాయి, ఇంకెవరు అరిచి గీపెట్టినా మేత మానవు. బిడ్డకు మొదటి గొర్రెపిల్లను అప్పజెప్పే రోజున తండ్రి దాన్ని నేర్పుతాడు. ఇంకొకరి ఇంటి కూత నోటికి వచ్చినా వేయకూడదు. తప్పిపోయిన గొర్రె ఎదురైతే దాని పక్కన నిలబడి, గొర్రె గలాయన్ని పేరు పెట్టి కేకేయాలి గానీ, ఆయన కూత వేసి దాన్ని తోలుకురాకూడదు. అది ఇంకొకరి ఇంట్లో తలుపు తీసుకుని దూరినంత తప్పు.

ఈరయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఊళ్ళో మిగిలిన మందల్లో పెద్ద మంద ఆయనదే. గొంతులో గడ్డ లేచి తుమకూరులో ఆపరేషను చేయించుకున్నాడు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మెడకు తువ్వాలు చుట్టుకుని, చిన్న రాళ్ళు విసిరి మందను తిప్పుకుంటున్నాడు. కూత లేని మంద నిలుస్తుందా? రోజూ ఒకటో రెండో చెదిరిపోతున్నాయి. ఒక్కగానొక్క కొడుకు బెంగళూరులో కారు నడుపుతాడు, వాడికి కూత రాదు.

ఒక ఆదివారం ధనంజయ కూతుర్ని బండి మీద ఎక్కించుకుని నాగలమడిక పోయాడు. కూతురి పేరు రూప, ఐదో తరగతి. తిరిగి వస్తుంటే యేటి ఇసుకలో ఈరయ్య గొర్రె ఒకటి, సూడి గొర్రె, ఒంటరిగా తుమ్మకాయలు ఏరుకుంటూ కనబడింది. ధనంజయ బండి ఆపాడు. అటూ ఇటూ చూశాడు. అక్కడ వినడానికి ఒక్క ప్యానెలైనా లేదు.

వాడికి చిన్నప్పటి నుంచీ ఒక విద్య ఉంది. ఎవరి గొంతైనా ఒకసారి వింటే అచ్చం దించేస్తాడు. పెళ్ళిళ్ళలో బడి మేష్ట్రు గొంతూ కండక్టరు గొంతూ తీసి జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తాడు. ఇప్పుడు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఈరయ్య ఇంటి కూత వేశాడు. ఈరయ్యే వేసినట్టు, ఆపరేషను కాకముందు ఈరయ్య వేసినట్టు. గొర్రె తలెత్తింది. ఎన్నాళ్ళకు విన్నదో ఏమో, పరిగెత్తుకుంటూ వచ్చి వాడి మోకాలికి ముట్టె రాసింది.

రూప బండి మీద కూర్చుని అంతా చూసింది. ధనంజయ తన ఇంటి కూత ఆ పిల్లకు ఎన్నడూ నేర్పలేదు, గొర్రెలే లేనప్పుడు ఎందుకని. ఆ పిల్ల తండ్రి నోట విన్న మొదటి కూత ఇంకొకరిది.

ఇంటికి వచ్చాక, చెవి కొసన ఈరయ్య పెట్టిన కోత గుర్తు కనబడకుండా గొర్రె చెవి ఇంకాస్త లోపలికి కోశాడు. అది తన్నుకుంటుంటే, "తల గట్టిగా పట్టుకో పాపా" అన్నాడు. రూప పట్టుకుంది. పెళ్ళాం సవిత అప్పటికింకా పని నుంచి రాలేదు. వచ్చి చూసి మొగుణ్ణి అడిగింది.

"ఎవురిది గొర్రె?"

"సంతలో కొనుక్కొచ్చినా."

"ఆదివారం యా సంత?"

ధనంజయ గొర్రె వైపు తిరిగి తాడు ముడి సర్దాడు. "ఈరయ్య మామదిలే. యేట్లో నక్కలపాలయ్యేదాన్ని కాపాడినా అనుకో. నేనేం పట్టుకోని ఈడ్చుకు రాలా. పిలిచినా. అదే వచ్చె."

రూప గోడకానుకుని సంగటి తింటోంది. తలెత్తలేదు. సవిత ఆ తర్వాత మొగుడితో అవసరానికి మించి మాట్లాడలేదు. కంచం ముందు పెట్టేది, నీళ్ళు పెట్టేది, అంతే. తిట్టి ఉంటే వాడు ఎంతో సుఖపడేవాడు.

ఇదంతా జరిగి కొన్ని వారాలు. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

బడిలో ప్రతిభా కారంజికి, అంటే సర్కారు ఏటా పెట్టే బడి పిల్లల పోటీలకు, పాడేవాళ్ళను ఏరారు. ధనుశ్రీని ఏరారు. ఆ పిల్ల పాడితే మిస్సులు కూడా చాక్‌పీసు కింద పెట్టి వింటారు. ధనుశ్రీ, రూప ఒకే బల్ల మీద కూర్చునే జోడు. రూపకూ పాట బాగానే వచ్చు, కానీ రెండోది. తాలూకా పోటీ పావగడలో. పొద్దున ఆటో వచ్చి బడి ముందు నిలబడింది. ధనుశ్రీ కొత్త రిబ్బన్లు కట్టుకుని ఎక్కబోతుండగా, బడి వెనక ప్యానెళ్ళ వైపు నుంచి వాళ్ళమ్మ సౌభాగ్య గొంతు వినబడింది. "ధనూ! అవ్వకు బాగల్యా, ఇంటికి రాయే, బిరీన రా!"

సౌభాగ్య ప్యానెళ్ళు కడిగే పనిలో ఉంది కాబట్టి ధనుశ్రీకి అనుమానం రాలేదు. ఆటో చప్పుడులో ఇంకెవరి చెవినా ఆ పిలుపు పడలేదు. ఎవరికీ చెప్పకుండా పరిగెత్తింది. ఇంటికి పోయి చూస్తే అవ్వ అరుగు మీద కూర్చుని నిక్షేపంగా శనక్కాయలు వలుచుకుంటోంది. ఏడుస్తూ వెనక్కి వచ్చేసరికి ఆటో లేదు. పోటీ వేళ మించిపోతోందని మిస్సు రూపను ఎక్కించుకుని పోయింది.

సాయంత్రం రూప ఒక కప్పుతో దిగింది. రెండో బహుమతి. ధనంజయ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఎన్నో రోజుల తర్వాత నిమ్మళంగా ఒకచోట నిలబడ్డాడు. కూతుర్ని ఎత్తుకుని కంచె దగ్గరికి తీసుకొచ్చి, కప్పు పైకెత్తి అందరికీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ధనుశ్రీ అక్కడే, తల్లి పక్కన, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో నిలబడి ఉంది. అమ్మ పిలిచిందని ఆ పిల్ల ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. స్టేజీ అంటే భయపడి కథలు చెప్తోందన్నారు. మిస్సు తిట్టింది, అవ్వ తిట్టింది, చివరికి తల్లి కూడా ఒకటి అంటించింది.

పొద్దు గూకింది. ప్యానెళ్ళు మొదలుపెట్టాయి. ముందు వాచ్‌మన్ దగ్గు. తర్వాత గడ్డి కోసేవాళ్ళ మాటలు. ఆ తర్వాత, బడి వెనక వరసలోంచి, గట్టిగా, "ధనూ! అవ్వకు బాగల్యా, ఇంటికి రాయే, బిరీన రా!"

"అద్దో!" అని ధనుశ్రీ ఎగిరింది. "నేను చెప్పలా? అమ్మ పిలిచినాదని చెప్పలా?"

సౌభాగ్య ముఖం తెల్లబోయింది. "నేను పొద్దన్నుంచీ తిరుమణి తట్టు బ్లాకులో ఉంటినే. ట్రాక్టరు మమ్మల్ని ఆడికే తోలుకపోయె. పెద్దక్కను అడగండి. నేనీడ యట్ల పిలుస్తా?"

పక్కనున్న పెద్దక్క అవునని తలూపింది. ఆమె కూడా అదే ట్రాక్టరులో పోయింది.

ప్యానెళ్ళు లేనిది చెప్పవు. ఎవరో సౌభాగ్య గొంతుతో పిలిచారు. ఆ గుంపులో ఈరయ్య ఉన్నాడు. మెడకు తువ్వాలు చుట్టుకుని, కర్ర మీద బరువు మోపి, ధనంజయ వైపే చూస్తున్నాడు. ఊళ్ళో ఇంకొకరి గొంతు దించగలిగేది ధనంజయ అని అందరికీ తెలుసు. కానీ వాడు సాయంత్రం దాకా అరసికెరెలో చెల్లెలింట్లో ఉన్నాడని కూడా తెలుసు. ఇక ఎవరు? ఎవరికీ తోచలేదు.

ధనంజయకు తోచింది. చంకలో ఉన్న పిల్ల కప్పును గుండెకు ఎంత గట్టిగా అదుముకుందో వాడి భుజానికి తెలుస్తోంది. పిల్లను దించకుండానే ఇంటికి నడిచాడు.

లోపలికి వచ్చి పిల్లను దించి అడిగాడు. "నువ్వేనా?"

రూప బొంకలేదు. భయపడనూ లేదు. అదే వాడికి అన్నిటికంటే బెదురు పుట్టించింది.

"నేను దాన్ని ఆటోలో నుంచి ఈడ్చలా నాయనా. పిలిచినా. అదే పోయె."

ధనంజయ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాల్లోనే ఉంది. పొయ్యి దగ్గర నుంచి సవిత అంది, "కొట్టు. ఎందుకు కొడ్తాండావో దానికి చెప్పి కొట్టు."

వాడు నోరు తెరిచాడు. దొంగతనం తప్పని చెప్పాలి. ఇంకొకరి గొంతు తీసుకోవడం తప్పని చెప్పాలి. పెన్సిల్ ముక్క దొరికినా ఎవరిదో కనుక్కుని ఇచ్చేయాలని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ తనే చెప్పాడు, ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పింది ఒక్కటీ దాని చెవికెక్కలేదు. యేట్లో చేసింది ఒక్కటి ఎక్కింది. దొడ్లో గొర్రె అరిచింది. చెయ్యి దించేసి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. అక్కడా కూర్చోలేక లేచి వీధి చివరిదాకా పోయి వచ్చాడు.

తెల్లవారింది. రూప జడ వేసుకుని బడి సంచి తగిలించుకుంటుంటే ధనంజయ దొడ్లోంచి గొర్రెను విప్పుకొచ్చి, తాడు పిల్ల చేతికిచ్చాడు. "పట్టుకో. ఈరయ్య తాతది, ఇచ్చేసొస్తాం పద." సవిత వాకిట్లో నిలబడి చూసింది.

మామూలు రోజుల్లో ఊరు దాటడానికి ఎంతసేపు? కానీ చేతిలో గొర్రె తాడు ఉంటే ఎదురైన ప్రతివాళ్ళూ ఎక్కడికని అడక్కుండా పోనివ్వరు. మొదట టీ అంగడి ముందు ఓబళప్ప అడిగాడు.

"ఏమప్పా ధనంజయా, తండ్రీ కూతుర్లు గొర్రెను యాడికి తోలుకపోతాండారు?"

"మేపేదానికే అన్నా," అన్నాడు ధనంజయ. నోటికి అలవాటైపోయింది, అదే వచ్చేసింది.

రూప తలెత్తి తండ్రి వైపు చూసింది. తప్పు పట్టే చూపు కాదది. నల్లబల్ల మీద మిస్సు రాసినదాన్ని పుస్తకంలోకి ఎక్కించుకునేటప్పుడు చూస్తుందే, ఆ చూపు. కొంచెం దూరం పోయిన ధనంజయ గిర్రున వెనక్కి తిరిగి టీ అంగడికి వచ్చాడు.

"ఓబళప్పన్నా, మేపేదానికి గాదు. ఇది ఈరయ్య మామ గొర్రె. ఇచ్చేదానికి పోతాండాం."

"ఆయప్ప గొర్రె నీ కాడికి యట్ల వచ్చె?"

"నేనే తోలుకొచ్చినా. ఆయన కూత ఏసి."

ఓబళప్ప నోటి దాకా తీసుకుపోయిన గ్లాసు అక్కడే ఆగిపోయింది. టీ తాగుతున్న మిగతావాళ్ళు బెంచీ మీద సర్దుకున్నారు. దొంగతనమంటే తిట్టేవాళ్ళేమో, కూత అనేసరికి అందరికీ నోరు పడిపోయింది.

పెద్దక్క వాకిలి ఊడుస్తూ అడిగింది. చెప్పాడు. ఆమె చీపురు ఎత్తి చూపిస్తూ, "థూ! నీ నోట్లో దుమ్ము పడ! గొంతు పోయినాయప్ప కూత ఏస్తివేమిరా? పిల్లను గూడా ఎంబడి పెట్టుకోని తిరుగుతాండావు, సిగ్గు ల్యాకుండా!" అని ఎత్తుకుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె గొంతు వెంటపడుతూనే ఉంది. ధనంజయ తల దించుకుని నడిచాడు. పక్కన పిల్ల లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాడు.

బడి దగ్గరి మలుపులో, ప్యానెళ్ళు కడగడానికి పోతున్న చిన్నక్క ఎదురై, "యాడికి పాపా గొర్రెను..." అంటుండగానే రూప అందుకుంది. "ఈరయ్య తాతది. మా నాయన కూత ఏసి తోలుకొచ్చినాడు. చెవి గూడా కోసినాము. మళ్ళీ ఇచ్చేస్తాండాం." పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. చిన్నక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దారి వదిలింది.

ఈరయ్య బడి వెనక ప్యానెళ్ళ వరసల మధ్య మంద మేపుతున్నాడు. గడ్డి పెరిగితే ప్యానెళ్ళకు నీడ పడుతుందని గొర్రెల్ని లోపలికి రానిస్తారు. ధనంజయ ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు. గొర్రె తన మందను చూసి తాడు లాక్కుంటోంది.

"మామా," అన్నాడు. తువ్వాలు చుట్టిన ఆ మెడను చూసి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మామా, నీ గొర్రెను నేను దొంగతనం చేసినా. నాగలమడిక కాడ యేట్లో నీ ఇంటి కూత ఏసినా. నువ్వే అనుకోని వచ్చె అది, పరిగెత్తుకుంటా వచ్చె. చెవి కోసి గుర్తు మార్చినా. అది తన్నుకుంటాంటే నా బిడ్డ చేత తల పట్టించినా. దాని చేత గూడా చేయించినా మామా."

ఈరయ్య గొర్రెను దగ్గరికి తీసుకున్నాడు. కోసిన చెవిని బొటనవేలితో తడిమాడు. మానిన గాయమే అయినా గొర్రె తల విదిలించింది. పెద్దాయన పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. తాడు విప్పి ధనంజయ కాళ్ళ దగ్గర పడేసి, వీపు తిప్పుకుని, మంద వెనక వెళ్ళిపోయాడు. తిరిగి చూడలేదు.

ఇద్దరూ ప్యానెళ్ళ వరసలు దాటి బయటికొచ్చి బడి దారి పట్టారు. రూప అడిగింది, "తాత ఏమన్లా గదా నాయనా?"

"ఏమనాల?"

"సర్లే పో, అని."

"అనకపోయినా ఇచ్చేదే పాపా."

పిల్ల ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు నడిచింది. ఇప్పుడు ధనుశ్రీ సంగతి ఎత్తాలని ధనంజయకు తెలుసు. పోయి దానికి చెప్పు, కప్పు ఇచ్చెయ్యి, అని. పొద్దున్నుంచీ ఆ మాట నాలుక చివరే ఉంది. కానీ ఈరయ్య వీపు ఇంకా కళ్ళ ముందే ఉంది, ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? బడి గేటు దగ్గర పిల్లను వదిలి, "బాగా సదువుకో" అని మాత్రం అన్నాడు. అని, తనను తనే తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం పనిలో ఉండగా గుర్తొచ్చింది. తను మాట్లాడింది ప్యానెళ్ళ కింద. కూత వేసిన సంగతి ఈపాటికి ఊరంతా తిరిగే ఉంటుంది, అది సరే. కానీ చెవి కోసేటప్పుడు పిల్ల చేత తల పట్టించిన సంగతి సవితకు తెలియదు. చిన్నక్క చెప్పి ఉంటుందా? చెప్పకపోయినా సాయంత్రం ప్యానెళ్ళు చెప్తాయి, తన గొంతుతోనే చెప్తాయి. పని వదిలేసి బండి తీశాడు. పావగడలో పనుందని పోయి, రేపు వద్దామనుకున్నాడు. క్రాస్ దాకా పోయాడు. అక్కడ బండి ఆపి నిలబడ్డాడు. బస్సు వచ్చింది, పోయింది. తను లేకుండా రూప ఒక్కతే ఆ మాటలు వింటుంది. తండ్రి ఎక్కడని చుట్టూ చూస్తుంది. అది తలుచుకుని బండి తిప్పాడు.

ఆ సాయంత్రం కంచె దగ్గర ఎప్పుడూ లేనంత జనం. ధనంజయ చుట్టూ కాస్త చోటు వదిలి నిలబడ్డారు. సవిత వచ్చింది, వాడికి కొంచెం దూరంలో నిలబడింది. రూప కంచె కంబిని పట్టుకుని ముందు ఉంది. సౌభాగ్య, ధనుశ్రీ అవతల కొసన ఉన్నారు.

ప్యానెళ్ళు మొదలుపెట్టాయి. వాచ్‌మన్ దగ్గు. ఆ వెంటనే, "మామా... మామా, నీ గొర్రెను నేను దొంగతనం చేసినా." ఎన్ని గొంతులో దించిన ధనంజయ, తన సొంత గొంతు ఇలా ఉంటుందని ఇన్నాళ్ళూ వినిపించుకోలేదు. సన్నగా, వణుకుతూ ఉంది. "నా బిడ్డ చేత తల పట్టించినా" అన్న మాట దగ్గర సవిత రెండు చేతులతో నోరు మూసుకుంది. వాడు కదల్లేదు. పారిపోవాలని కాళ్ళు పీకుతున్నాయి, అయినా కదల్లేదు.

తర్వాత కడిగేవాళ్ళ పాట వచ్చింది. సూపర్‌వైజరు ఎవరినో బోల్టుల కోసం కసురుకోవడం వచ్చింది. బడి గంట వచ్చింది, పిల్లలు భోజనానికి వదిలిన గోల. జనం సగం మంది ఇంటి ముఖం పట్టారు, ఎసర్లు మరిగిపోతున్నాయని. అప్పుడు, బడి వెనక వరసలోంచి, ఒక చిన్న గొంతు.

"ధనూ, నేను రూపను. నిన్న నిన్ను పిలిచింది మీ యమ్మ గాదు. నేనే. మీ యమ్మ మాదిరి పిలిచినా. నువ్వు పోతే నన్ను ఎక్కించుకుంటారని పిలిచినా. నువ్వేం అబద్ధం చెప్పలా. మిస్సుకు గూడా చెప్పినా, ఇప్పుడే చెప్పినా. ఊర్లో వాళ్ళందరికీ గూడా తెలియాల గదా, అందుకే ఈడికొచ్చినా." కాస్త ఆగి, "అంతే" అంది ఆ గొంతు.

పోతున్నవాళ్ళు ఆగిపోయారు. ధనంజయకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచీ ఈ పిల్ల ఇంట్లో ఎవరో ఒకరిని దించుతూనే ఉంటుంది, తనలాగే. ఇప్పుడు విన్నది ఎవరినీ దించిన గొంతు కాదు. కొంచెం ముక్కుతో పలికే, ఎప్పుడూ తొందరపడే, దాని సొంత గొంతు. కంచె కంబి వదలకుండా పిల్ల నిలబడే ఉంది.

సౌభాగ్య ముందుకు వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారు. కొట్టలేదు. "నా గొంతు ఇని నా బిడ్డ పరిగెత్తినాది," అంది. "రేపు నేను నిజంగా పిలిస్తే వస్తాదా అది? నేనేనా కాదా అని నిలబడి ఆలోచన జేస్తాది గదా. దాన్నేం జేస్తావు నువ్వు?"

ధనుశ్రీ ఎవరి వైపూ చూడకుండా తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

జనం పలచబడ్డాక ధనంజయ కూతురి పక్కకు పోయి కూలబడ్డాడు. "ఎవురు చెప్పమన్యారు పాపా? మీ యమ్మనా?"

"ఎవురూ చెప్పమన్లా," అంది రూప. అని, చెంపలు తుడుచుకుని, ఇంటికి పరిగెత్తి కప్పు తీసుకుని బయటికి వచ్చింది.

ధనుశ్రీ ఇల్లు ఎదురు వరసలోనే. తలుపు వేసి ఉంది. రూప పోయి తట్టింది. "ధనూ, నేను రూపను." తలుపు తీయలేదు. మళ్ళీ తట్టింది. లోపల ఎవరో ఏదో అన్నారు, తీయలేదు. పిల్ల కప్పు పట్టుకుని గడప ముందు నిలబడింది. కాసేపటికి కూర్చుంది.

ధనంజయ, సవిత తమ అరుగు మీద నుంచి చూస్తున్నారు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నారు. సంగటి చల్లారిపోతోంది. వాడికి భయంగా ఉంది, ఆ తలుపు ఎప్పటికీ తెరుచుకోదేమోనని. భయంతో పాటే ఇంకేదో కూడా గొంతు దాకా వచ్చి నిండిపోతోంది, ఇంత పిల్ల ఇంత పని చేసిందే అని. సవిత ఉండబట్టలేక లేచింది. "పొద్దన్నుంచీ ఏం తిన్నాదో ఏమో. పిలుస్తా ఉండు."

"పిలవొద్దు," అన్నాడు ధనంజయ.

సవిత ఆగింది. అవతల రూప లేచి, గౌను దులుపుకుని, మళ్ళీ తలుపు తట్టింది.